మా బావ చూపించిన సీటు

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళు స్టేడియంలో జనానికి సీట్లు చూపించాడు. ఇంకే పనీ చెయ్యలేదు. ఆయన జీవిత చరిత్ర రాయమంటే ఒక్క వాక్యంలో రాసి పారెయ్యొచ్చు: సి బ్లాకు గేటు దగ్గర నిలబడ్డాడు, టికెట్టు చింపాడు, ఎటు వెళ్ళాలో చెయ్యి చూపించాడు. మా అక్క అయితే అంతకంటే చిన్నగా తేల్చేసేది. "మీ బావకి పెళ్ళి నాతో అయింది గానీ కాపురం సి బ్లాకుతోరా," అనేది.

నేను ఆయన బావమరిదిని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదాంట్లో పాడైందంతా నా నోటి వల్లే పాడైంది. కిందటి నెల మా బావ కొత్తగా చేరినవాళ్ళకి ఓ అరగంట ఉపన్యాసం ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. గేటు దగ్గరికి వెళ్ళడం కూడా మానేశాడు. అడిగినవాళ్ళకి కాళ్ళ నొప్పులని చెప్తున్నాడు. కాళ్ళ నొప్పులు ఆయనకి పాతికేళ్ళుగా ఉన్నాయి, ఏ రోజూ పని మానలేదు.

స్టేడియం వెనక రెండో వీధిలో నాది టైపింగు షాపు. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బెంచీ. అర్జీలు, అద్దె కాగితాలు, ఉద్యోగాల దరఖాస్తులు కొట్టిపెడతాను. ఆట ఉన్న రోజు షాపులో కూర్చునే గోల్ పడిందని చెప్పెయ్యొచ్చు. ముందు అరుపు వస్తుంది, ఆ వెంటనే కిటికీ అద్దం గిలగిల్లాడుతుంది. మా బావ మాత్రం ఆ అరుపుల మధ్యే నిలబడి కూడా గోల్ చూసేవాడు కాదు. "అందరూ బంతినే చూస్తుంటే మెట్లెవరు చూస్తారురా?" అనేవాడు.

మా అక్క పోయి అప్పటికి ఎనిమిది నెలలు. కిడ్నీలు చెడిపోయాయి, మూడు నెలలు మంచం పట్టింది, పోయింది. పిల్లలు లేరు. ఆ ఎనిమిది నెలలూ బావ మనిషి మనిషిలా లేడు. గడ్డం మాసిపోయింది. చొక్కాకి బొత్తం ఊడితే ఊడినట్టే తొడుక్కునేవాడు. ఆట ఉన్న రోజు వెళ్ళి నిలబడి వచ్చేవాడు, మిగతా రోజులు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను రోజూ రెండు పూటలా వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. తిన్నావా అంటే "ఊఁ" అనేవాడు. గిన్నె మూత తీస్తే పొద్దున నేను పెట్టి వెళ్ళింది పెట్టినట్టే ఉండేది.

అలాంటి మనిషి కిందటి నెల ఓ మధ్యాహ్నం నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా షాపు మెట్లెక్కాడు.

"ఏంటి బావా, పెళ్ళికొడుకు దారి తప్పాడా?" అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఎనిమిది నెలల కిందట పెళ్ళాం పోయిన మనిషితో అనే మాటేనా అది? నా నోరు అంతే, మెదడు కంటే రెండడుగులు ముందుంటుంది.

ఆయన పట్టించుకోలేదు. "వాగింది చాలు గానీ కంప్యూటరు తెరువు. రాయాల్సింది ఉంది," అన్నాడు.

సంగతేంటంటే, ఈ సీజనుకి గేట్ల మీద నలభై మందిని కొత్తగా తీసుకున్నారట. మేనేజరు బావని లోపలికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ అడిగాడట. "పెద్దాయనా, స్టేడియానికి వచ్చినవాళ్ళకి ఆ రోజు జన్మలో మర్చిపోలేని రోజవ్వాలంటే మనం ఏం చెయ్యాలి? అది మీకంటే తెలిసినవాళ్ళు ఇక్కడ లేరు. వాళ్ళకి మీరే చెప్పాలి," అన్నాడట.

"మైకు కూడా పెడతారట," అన్నాడు బావ. సిగ్గుపడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి చెవులు ఎర్రబడేలా సిగ్గుపడటం నేనదే చూడటం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క అరగంటా బాగా జరిగితే మళ్ళీ మనుషుల్లో పడతాడనుకున్నాను. రెండు టీలు చెప్పి, కీబోర్డు ముందుకి లాక్కున్నాను.

"రాయి. మొదటిది ఎండ."

"సభకి నమస్కారం అక్కర్లేదా?"

"చిన్నపిల్లలకి నమస్కారమేంట్రా? ఎండ రాయి."

రాశాను. మూడింటికి ఆట మొదలైతే సి బ్లాకులో పన్నెండో వరుస దాకా ఎండ నేరుగా మొహం మీద కొడుతుందట. నాలుగున్నరకి పైకప్పు నీడ దిగుతుందట. పెద్దవాళ్ళెవరైనా ముందు వరుస టికెట్టుతో వస్తే "ఇంకో గంటన్నరలో నీడ వస్తుందండీ, అందాకా తల కప్పుకోండి" అని చెప్పాలట.

"నీడ మనం తెప్పించట్లేదు కదా బావా. చెప్తే ఏంటి, చెప్పకపోతే ఏంటి?"

"వస్తుందని తెలిస్తే ఎండ సగం తగ్గుతుందిరా," అన్నాడు.

ఆ మాట బాగుంది. మారుమాట్లాడకుండా కొట్టాను.

తర్వాత మెట్లు. కుడివైపు మూడో మెట్టు అంచు అరిగిపోయింది, ఎన్ని అర్జీలు పెట్టినా బాగు చెయ్యలేదు. ఆ అర్జీలు కొట్టింది నేనే, ఆరు. కాబట్టి అది నోటితో చెప్పాలి, ప్రతి ఒక్కరికీ, ప్రతిసారీ. ఏ మరుగుదొడ్డి దగ్గర జనం తక్కువుంటారో వాళ్ళు అడిగే లోపలే చెప్పాలి, అడగడానికి సిగ్గుపడేవాళ్ళుంటారు. ఓడిపోయి వెళ్ళేవాళ్ళ ముందు నవ్వుకుంటూ నిలబడకూడదు. ఇంకా ఎన్నో చెప్పాడు. నేను కొడుతూ పోయాను.

"ఇది మాత్రం జాగ్రత్తగా రాయి," అన్నాడు ముందుకి వంగి. "మెట్ల దారి చీకటిగా ఉంటుంది. అదెక్కి పైకి రాగానే ఒక్కసారిగా పచ్చగా మైదానం కనిపిస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు అక్కడ ఆగిపోతారు. కాళ్ళు కదలవు వాళ్ళకి. వెనకవాళ్ళు తోస్తారు. తోయనివ్వకూడదు. మనం అడ్డం నిలబడి, ఓ నాలుగు క్షణాలు వెనకవాళ్ళని ఆపాలి. ఆట ఓడినా, వాన కురిసినా, ఆ నాలుగు క్షణాలు వాళ్ళు ఇంటికి పట్టుకెళ్తారు."

నేను కొట్టడం ఆపి ఆయన వైపే చూస్తుండిపోయాను. ఈయన దగ్గర ఇన్ని మాటలున్నాయని నాకు తెలీదు. ఇంట్లో ఆయన మాటలు మూడే. నీళ్ళు, అన్నం, ఫ్యాను. ఆ మూడూ కూడా ఒక్కోసారి వేలితో చూపించేవాడు. రోజంతా నిలబడి నిలబడి పాదాలు బూరెల్లా పొంగి ఇంటికొచ్చేవాడు, గుమ్మంలో బూట్లు విడిచేటప్పటికే విసుగు మొదలయ్యేది. మర్యాదంతా గేటు దగ్గరే పంచేసి, మా అక్క దగ్గరికి ఖాళీ సంచి తెచ్చేవాడు. చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తాగలేదు. ఆయనకి ఇల్లంటే కాళ్ళు చాపుకునే చోటు, అంతే.

"ఇంకోటి రాయి. గేటు దగ్గర టికెట్టు చూడాలి, మొహం చూడకూడదు."

"ఇదెక్కడి మర్యాద బావా?"

"మర్యాద కాదు, పని. అరగంటలో రెండు వేల మంది వస్తారు. మొహం చూశావంటే తెలిసినవాడు తగులుతాడు. 'బాగున్నావా' అంటాడు. అక్కడితో లైను ఆగుతుంది, వెనక తోపులాట. చెయ్యి చూడు, టికెట్టు చూడు, వరుస చెప్పు, తర్వాతి చెయ్యి. ముప్పై ఒక్క ఏళ్ళలో నా గేటు దగ్గర ఒక్కడు కింద పడలేదు."

అది నిజమే. నేనే రెండుసార్లు ఆయన గేటులోంచి వెళ్ళాను. "పదో వరుస, ఎడమవైపు" అన్నాడు తప్ప తలెత్తలేదు. రెండోసారి ఆటపట్టిద్దామని టికెట్టుకి బదులు కరెంటు బిల్లు చేతిలో పెట్టాను. "ఇది కాదండీ" అని తిరిగిచ్చాడు. అప్పటికీ తలెత్తలేదు! ఇంటికెళ్ళి అక్కకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది.

టీలు వచ్చాయి. బావ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఆఖర్లో నా సొంత మాట ఒకటి పెట్టు. ముప్పై ఒక్క ఏళ్ళు అందరికీ సీట్లు చూపించాను. మా ఆవిడకి మాత్రం ఒక్కసారీ చూపించలేదు. అడిగింది. మంచి రోజు చూసి తీసుకెళ్దామనుకున్నాను. మీరు అలా చెయ్యకండి. చేరిన మొదటి నెలలోనే మీ ఇంట్లోవాళ్ళని తెచ్చి..." అంటూ మధ్యలోనే వదిలేశాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నా వేళ్ళు ఆగిపోయాయి. ఎందుకంటే మా అక్క స్టేడియానికి వెళ్ళింది. ఆ సంగతి బావకి తెలీదు, నాకు తెలుసు.

మా అక్క అడగడమంటే ఏదో ఓసారి నోరు తెరిచి ఊరుకోవడం కాదు. పెళ్ళయిన కొత్తల్నుంచీ అడుగుతూనే ఉంది. బావ కాదనలేదు, అదే వచ్చిన చిక్కు. కాదంటే ఓ ఏడుపు ఏడ్చి వదిలేసేది. ఆయన "తీసుకెళ్తాలే" అనేవాడు. ఈ ఆటకి వద్దు, ఎండ మాడ్చేస్తుంది. ఆ ఆటకి వద్దు, జనం విరగబడతారు. ఫైనలంటే తొక్కిసలాట. చిన్న ఆటలో పస ఉండదు. మబ్బు పట్టింది. నన్ను వేరే గేటుకి వేశారు. ఏడాదికి రెండు పాసులిచ్చేవాళ్ళు. అవి డాక్టరుకో ఇంటి ఓనరుకో వెళ్ళిపోయేవి. సి బ్లాకులో ఏ సీటుకి ఏ లోపముందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి, కట్టుకున్నదాన్ని కూర్చోబెట్టడానికి తగిన సీటు దొరకలేదు.

ఆరేళ్ళ కిందట ఓరోజు అక్క నా షాపుకొచ్చి "నాకో టికెట్టు కొనిపెట్టరా," అంది. "ఆట కోసం కాదు. ఆటలో నాకేం తెలుసు, నా మొహం. మీ బావ పని చేస్తుంటే చూడాలి. కూరగాయల దగ్గర, ఆసుపత్రిలో, ఎక్కడికెళ్ళినా 'సి బ్లాకు పెద్దాయన భార్యా మీరు? ఎంత మంచివారండీ ఆయన' అంటారు. ఆ మంచివారెవరో నేనూ ఓసారి చూసొస్తాను."

"నేనూ వస్తా," అన్నాను.

"నువ్వొస్తే నీ నోటికి వాకిట్లోనే దొరికిపోతాం. ఒక్కదాన్నే వెళ్తా. గేటు దగ్గర ఎదురుగా నిలబడి, ఆయన మొహం ఎన్ని రంగులు మారుతుందో చూస్తా."

నేను కౌంటరుకెళ్ళి అన్నిటికంటే చవక టికెట్టు తెచ్చాను. ముప్పై రెండో వరుస, పదిహేనో సీటు. దానికెదురుగా పైకప్పు స్తంభం ఉంటుందని నాకు తెలీదు. తెలిసినా అదే కొనేవాణ్ణేమో, అంత పీనాసి బుద్ధి నాది. అక్క జీవితంలో చూసిన ఒకే ఒక్క ఆటకి నేను కొన్న సీటు అది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, ఇదే బెంచీ మీద కూర్చుని చెప్పింది.

"పక్కింటావిడ నల్ల కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని వెళ్ళానురా. ఆయన ముందుకి రాగానే రెండూ లాగేసి, పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాను. టికెట్టు తీసుకున్నారు. చింపారు. 'ముప్పై రెండో వరుస, కుడివైపు ఎక్కండి, మూడో మెట్టు చూసుకోండమ్మా' అన్నారు. నేనింకా ఇకిలిస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యి నా వెనకవాడి టికెట్టు మీదకి వెళ్ళిపోయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీలోంచి లేచాను, ఇప్పుడే వెళ్ళి నాలుగు దులిపేస్తానని.

"కూర్చోరా," అంది అక్క. "అక్కడితో అయిపోతే నీ దాకా ఎందుకొస్తాను?"

పైకెక్కి స్తంభం వెనక కూర్చుందట. కళ్ళ నీళ్ళు ఎవరికీ కనపడకుండా కళ్ళద్దాలు పెట్టేసుకుని, తలకి గుడ్డ మళ్ళీ చుట్టేసుకుందట. సగం ఆట అయ్యి విరామం ఇచ్చారు. అప్పుడు బావ మెట్లెక్కి పైకొచ్చాడట. ఆ పని ఆయనకి ఎవరూ చెప్పలేదు, జీతంలో లేదు. కింద వరుసల్లో ఎన్ని సీట్లు ఖాళీగా మిగిలాయో చూసుకుని, స్తంభాల వెనక ఇరుక్కున్నవాళ్ళని తెచ్చి అక్కడ కూర్చోబెట్టేవాడు. ప్రతి ఆటకీ. తిన్నగా మా అక్క దగ్గరికే వచ్చి "అమ్మా, మీకు స్తంభం అడ్డొస్తోంది కదా, ఇలా రండి" అన్నాడట.

"నోరు తెరిస్తే గొంతు గుర్తుపట్టేస్తారని నేను మాట్లాడలేదు. తలూపాను. మంచినీళ్ళు కావాలా అన్నారు, తలూపాను. ఒక్కరే వచ్చారా అన్నారు, దానికీ తలే. 'అయ్యో, మాట రాదామ్మా?' అని, అక్కణ్ణుంచి చేతులతో చెప్పడం మొదలుపెట్టారురా! బంతి ఇటు వస్తుంది, మనవాళ్ళు అటు కొడతారు, ఇలా... ఇలా..." అంటూ అక్క రెండు చేతులూ గాల్లో తిప్పింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. జిరాక్సు కోసం వచ్చినావిడ భయపడి బయటే నిలబడిపోయింది.

తొమ్మిదో వరుసకి తీసుకెళ్ళాడట. జేబులోంచి తన రుమాలు తీసి సీటు తుడిచాడట, వెనక ఆనుకునే చోటు కూడా. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆవిడ తాగేదాకా ఉండి, గ్లాసు తీసుకుని వెళ్ళాడట.

"నాకు జ్వరం వచ్చిన రోజు కూడా ఆ చేత్తో గ్లాసు నీళ్ళు తాగలేదురా నేను," అంది అక్క. అప్పటిదాకా నవ్వుతున్న మనిషే. కళ్ళు తుడుచుకుంది.

"ఎవరు గెలిచారు?" అన్నాను.

"ఏమో. ఆయన ఎన్నిసార్లు మెట్లెక్కి దిగారో చూస్తూ కూర్చున్నాను. పదిహేడు. బాగా చేస్తారురా పని. ఊళ్ళో వాళ్ళు అన్నది నిజమే."

"పిలవొచ్చు కదక్కా!"

"పిలిస్తే 'నువ్వెందుకొచ్చావ్ ఇక్కడికి' అనేవారు. ఆ మాటలు ఇంట్లో ఎలాగూ వింటాను. పరాయిదాన్ననుకున్నారు కాబట్టి సీటు తుడిచారు. కాసేపు పరాయిదానిలాగే ఉందామనిపించింది."

వెళ్తూ వెళ్తూ నా చేత ఒట్టు వేయించుకుంది. "మీ బావకి ఎప్పటికీ చెప్పకు. తెలిస్తే ఇక ఆ పని మునుపట్లా చెయ్యలేరు," అంది. వేశాను. ఆరేళ్ళు నిలబెట్టుకున్నాను. అక్క పోయిన రోజు కూడా నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆయన నా ముందు కూర్చుని, తీసుకెళ్ళలేకపోయానని ఏడుస్తున్నాడు. చెప్తే "పోనీలే, వచ్చింది" అని కాస్త ఊరట పడతాడా? గేటు దగ్గర తలెత్తి చూడలేదని కుంగిపోతాడా? నాలో నేనే గింజుకున్నాను. చెప్పకూడదనే అనుకున్నాను. ఒట్టు పెట్టి చెప్తున్నాను, చెప్పకూడదనే అనుకున్నాను.

బావ మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. "ఆ చివరి మాటకి ముందు ఇంకోటి చేర్చు. మర్చేపోయాను. ఓ మూగావిడ సంగతి."

నేను టీ గ్లాసు అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాను.

"ఐదారేళ్ళయింది. ఓ మూగావిడ ఒక్కత్తే వచ్చింది, పాపం. ఎవడో మహానుభావుడు స్తంభం వెనక సీటు కొని పంపాడు. విరామంలో తీసుకొచ్చి తొమ్మిదో వరుసలో కూర్చోబెట్టాను. చేతులతోనే అన్నీ చెప్పాను. ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఉండి, నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. నేను చేసిన పనంతటిలో ఏది గొప్పదంటే అదే చెప్తాను. ఆవిడ ఇంట్లోవాళ్ళకి మాత్రం బుద్ధి లేదురా. అలాంటి మనిషిని ఒంటరిగా పంపుతారా? వాళ్ళు తీసుకురావొద్దూ?"

దణ్ణం పెట్టిందన్నది అక్క నాకు చెప్పలేదు.

అక్కడ నేను నోరు మూసుకుని నాలుగు అక్షరాలు కొట్టుంటే ఈపాటికి మా బావ మైకు ముందు నిలబడి ఉండేవాడు. నలభై మంది చప్పట్లు కొట్టుండేవాళ్ళు. కానీ నాకు ఆసుపత్రి గుర్తొచ్చింది. అక్క దాహం దాహం అంటుంటే ఈయన గుమ్మంలో నిలబడి "నర్సుని పిలవనా?" అని నన్నడగడం గుర్తొచ్చింది. ఇంట్లోవాళ్ళకి బుద్ధి లేదని ఈయన అంటాడా? నా తలలో ఏదో తెగింది.

"ఆవిడ మూగది కాదు బావా," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"టికెట్టు కొన్న మహానుభావుణ్ణి నేనే. ముప్పై రెండో వరుస, పదిహేను."

ఆయన నవ్వబోయాడు. నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. వరుస నెంబరు పెదాలతో ఒకసారి అనుకున్నాడు. తర్వాత ఎవరని అడగలేదు.

"పదిహేనా?" అన్నాడు. "ఆ సీట్లోంచి ఎడమవైపు గోల్ అసలు కనపడదు. మీ అక్కకి ఆ సీటు కొన్నావా?"

"చవగ్గా వచ్చిందని..."

"ఛీ," అన్నాడు. కోపంతో కాదు. సీటు గురించి మాట్లాడుతున్నంతసేపు మిగతాది రాకుండా ఆపుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"కళ్ళద్దాలు పెట్టుకుంది," అన్నాడు. "నల్లవి. తలకి గుడ్డ. అందుకే నేను..."

"గేటు దగ్గర తీసేసింది బావా. నీ ఎదురుగా తీసేసి, నవ్వుతూ నిలబడింది."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న ఆ రెండు చేతులూ తిరగేసి మళ్ళీ చూసుకున్నాడు. "నేనేమన్నాను?"

"మూడో మెట్టు చూసుకోండమ్మా అన్నావట."

ఎవరో కుర్రవాడు మార్కుల జాబితా పట్టుకుని జిరాక్సుకి వచ్చాడు. మిషను పాడైందని అబద్ధం చెప్పి పంపేశాను. బావ అదేమీ వినలేదు.

"మరి నన్నెందుకు పిలవలేదు?" అన్నాడు.

సరదాకి అని చెప్పొచ్చు. నీ పనికి అడ్డం రాకూడదనుకుందిలే అని చెప్పొచ్చు. అదీ పూర్తి అబద్ధం కాదు. రెండు మాటలూ నాకు అప్పుడే తట్టాయి, నాలిక చివర్న ఉన్నాయి. కానీ మండుతున్న నోటికి మెత్తని మాట ఎక్కడ దొరుకుతుంది? అక్క అన్నది అన్నట్టే చెప్పేశాను. ఇంట్లో ఎలాగూ వింటానన్నది చెప్పాను. పరాయిదాన్ననుకున్నారు కాబట్టి సీటు తుడిచారన్నది కూడా చెప్పాను. చెప్తున్నకొద్దీ ఆయన మొహం పాలిపోతోంది, నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఆపలేదు. చెప్పడం అయిపోయాక నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇప్పుడు వెతుక్కుందామన్నా దొరకడం లేదు. చచ్చిపోయిన అక్కకిచ్చిన ఒట్టు తప్పాను, బతికున్న మనిషిని అక్కడికక్కడే కూలదోశాను.

బావ ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. బెంచీ అంచు పట్టుకుని నేల చూస్తూ, నాతో అన్నట్టు కాకుండా మాట్లాడాడు.

"ఆ రోజు ఇంటికెళ్ళేసరికి పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతోంది. పాదాలు సలిపేస్తున్నాయి. ఇంతసేపూ ఏం వెలగబెట్టావని అరిచాను. నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావని ఇంకా అరిచాను. వడ్డించాక కాస్త చల్లబడ్డాను. నేనే చెప్పాను, ఇవాళ ఇలా ఓ మూగావిడ వచ్చిందని. ఎప్పుడూ అక్కడి సంగతులు ఇంట్లో చెప్పను. ఆ రోజెందుకో చెప్పాను. పక్కన కూర్చుని అంతా విన్నది. విని..."



"విని ఏమంది బావా?"

"ఎలా ఉంటుందండీ ఆవిడ, అని అడిగింది. రెండుసార్లు అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"ఆవిడెలా ఉంటే నీకెందుకే, నేను మొహాలు చూస్తానా, గ్లాసులో నీళ్ళు పొయ్యి, అన్నాను."

కొట్టినదాని ప్రింటు కూడా అడక్కుండా లేచి, షాపు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అన్నం దగ్గర జరిగిన ఆ సంగతి మా అక్క నాకు కూడా చెప్పలేదు.